కలంరాత ఫాంటుతో బోర్డు, శుభలేఖ, శిలాఫలకం: పేరు ఎంపిక నుంచి చివరి ప్రూఫ్ దాకా

నెల్లూరు ట్రంకు రోడ్డు మీద నడుస్తూ బోర్డులు చదవండి. చీరల షాపులు, స్వీట్ల షాపులు, చేపల పులుసు హోటళ్లు, ఎక్కడ చూసినా పాళీతోనో కుంచెతోనో రాసినట్టుండే అక్షరాలు కనిపిస్తాయి. కొన్ని పేర్లు రోడ్డు అవతలి నుంచే చదివేయొచ్చు. కొన్నింటి ముందు ఆగి కూడబలుక్కోవాలి. చాలాసార్లు రెండు చోట్లా ఉన్నది ఒకే ఫాంటు. ఒక పేరుకు నప్పిన అక్షరం ఇంకో పేరుకు నప్పదు, అంతే. శాంపిల్ చూసి ముందే ఫాంటు ఖాయం చేసుకుని, తర్వాత పేరు టైపు చేయించే పద్ధతి ఇక్కడే బెడిసికొడుతుంది. ముందు పేరు, తర్వాత ఆ పేరు ఏ వస్తువు మీదికి ఎక్కుతుందో చూడాలి, ఆ తర్వాతే ఫాంటు. డీటీపీ, ఫ్లెక్సీ పని నేర్చుకుంటున్నవాళ్లకూ, సొంత షాపు బోర్డో ఇంట్లో పెళ్లి శుభలేఖో వేయించబోతున్నవాళ్లకూ పనికొచ్చేలా ఆ వరసలోనే చెబుతాను.

ముందు ఈ అక్షరం తీరు తెలుసుకోండి

వెడల్పు పాళీని ఒకే కోణంలో పట్టుకుని గుండ్రం చుడితే, గీత ఒకచోట లావుగా, ఇంకోచోట సన్నగా పడుతుంది. కలంరాత ఫాంటు మూలం అదే. తెలుగు అక్షరం దాదాపు అంతా వంపులే కాబట్టి ఈ లావు సన్నాల ఆట మన లిపిలో బాగా పండుతుంది. అయితే ఫాంటు గీసినవాళ్లు తమ సొగసంతా చూపించేది అక్షరం ఒంట్లో కాదు. తలకట్టు విసురులో, దీర్ఘం సాగదీతలో, కొమ్ము మెలికలో, ఒత్తు తోకలో చూపిస్తారు. అందుకే ఒత్తులు, గుణింతాలు ఎక్కువున్న పేరులో సొగసు కూడా ఎక్కువై, ఒకదాని మీద ఒకటి పడుతుంది.

ఉచితంగా దొరికేవాటిలో మంచివి ఉన్నాయి. తెలుగు సాంస్కృతిక సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన యూనికోడ్ (ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా అక్షరం అదే అక్షరంగా వచ్చే పద్ధతి) ఫాంట్లలో ‘రవి ప్రకాశ్’, ‘పెద్దన’, ‘ధూర్జటి’, ‘శ్రీకృష్ణదేవరాయ’ లాంటివి శీర్షికలకూ పోస్టర్లకూ ఆహ్వానాలకూ ఉద్దేశించినవి. ‘రవి ప్రకాశ్’ను 2013లో అప్పాజీ అంబరీష దర్భా రూపొందించారు. ‘లక్కిరెడ్డి’ చేతిరాత ధోరణిలో ఉంటుంది, పిల్లల కార్యక్రమాలకు ముచ్చటగా ఉంటుంది. నెల్లూరు జిల్లాకు పేరైన పొట్టి శ్రీరాములు పేరుతోనూ ఆ వరసలో ఒక ఫాంటు ఉంది. వీటిలో చాలావరకు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. అవి ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చినవి. అంటే బోర్డుకు, కార్డుకు, ప్యాకెట్ మీద, డబ్బు తీసుకుని చేసే పనికి కూడా నిశ్చింతగా వాడుకోవచ్చు. ఫాంటును ఒంటిగా అమ్మడం మాత్రం కుదరదు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన పేరు తెలియని ఫాంట్ల కట్టకన్నా ఇవి ఎంతో మేలు.

మొదటి అడుగు: మాటలు కాగితం మీద పెట్టండి

కంప్యూటర్ తెరవకముందే బోర్డు మీద, కార్డు మీద రావాల్సిన ప్రతి మాటా రాసుకోండి. అందులో కలంరాతకు అర్హమైనవి ఏవో గీత గీయండి. బోర్డు మీద షాపు పేరు ఒక్కటే. శుభలేఖలో పైన దేవుడి పేరు, వధూవరుల పేర్లు, మహా అయితే ‘శుభలేఖ’ లేదా ‘ఆహ్వానం’ అన్న ఒక్క మాట. ముహూర్తం, కల్యాణ మండపం అడ్రసు, ఫోన్ నంబరు, ‘బంధుమిత్రుల అభినందనలతో’ అన్న పెద్ద జాబితా అన్నీ మామూలు అక్షరంలోనే ఉండాలి. ముహూర్తం సమయం కోసం మూడు మెలికల అంకెను కళ్లు చిట్లించి చూడాల్సిన అవసరం ఏ పెద్దాయనకూ రాకూడదు.

రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గా దారిలో పెట్టే ఫ్లెక్సీల్లోనూ ఇదే లెక్క. ‘రొట్టెల పండుగ’ అన్న శీర్షికకు కుంచె అక్షరం నిండుగా ఉంటుంది. పార్కింగు ఎటు, స్వర్ణాల చెరువు ఘాట్ ఎటు అని చెప్పే బోర్డుకు ఏ సొగసూ వద్దు. జనంలో, నెత్తిన ఎండలో, చంకలో పిల్లతో నడిచే మనిషి దాన్ని ఒక్క చూపులో చదవాలి.

రెండో అడుగు: పేరుతోనే ఫాంటును పరీక్షించండి

తొందరపడకుండా అన్నిటికన్నా ఎక్కువ సేపు చేయాల్సిన పని ఇదే. నాలుగైదు ఫాంట్లు తీసుకుని, అసలు పేరునే ప్రతిదానిలో టైపు చేయండి. ‘అమ్మ’, ‘తెలుగు’ లాంటి సులువు మాటలతో చూస్తే ప్రతి ఫాంటూ బాగానే కనిపిస్తుంది.

మన ఊళ్ల పేర్లే చూడండి. ‘ఒంగోలు’ కలంరాతకు పుట్టినట్టుంటుంది. గుండ్రటి అక్షరాలు, ఒక్క ఒత్తు లేదు, చివరి ‘లు’ కొమ్మును ఎంత సాగదీసినా అడ్డం వచ్చేది ఏమీ లేదు. ‘నెల్లూరు’ అంత సులువు కాదు. ‘ల్లూ’లో కింద ల ఒత్తు, పక్కన కొమ్ముదీర్ఘం, ఆ వెంటనే ‘రు’ కొమ్ము. ఒత్తు పెద్దదిగా ఉన్న ఫాంటులో ఈ మూడూ కిక్కిరిసి, మాట కుడిసగం బరువెక్కి ఒరిగిపోయినట్టు కనిపిస్తుంది. ‘ప్రకాశం’లో చిక్కు మొదట్లోనే ఉంటుంది. ర ఒత్తు అక్షరం కింది నుంచి ఎడమవైపుకు చుట్టుకుంటుంది. సొగసు ఫాంటులో ఆ చుట్టు బాగా బయటికి పొడుచుకొస్తుంది. ఎడమ అంచుకు కొలిచి పెడితే ఒత్తు అంచుకు తగిలి, ‘ప’ మాత్రం లోపలికి జరిగిపోయినట్టుంటుంది. అక్కడ కొలతను నమ్మకండి. ‘ప’ ఒంటిని కింది లైన్లతో కలిపి, ఒత్తును బయటికి వదిలేయండి.

మనుషుల పేర్లకూ అంతే. ‘పెంచలయ్య’, ‘మస్తానయ్య’ లాంటి పేర్లలో య ఒత్తు చివర్లో వస్తుంది. దాని తోకకు కుడివైపున ఖాళీ ఉంటుంది కాబట్టి పొడుగు తోక ఫాంటు అందంగా కుదురుతుంది. అదే ఒత్తు మాట మధ్యలో పడితే తోక పక్క అక్షరం కిందికి దూరి, దానికి లేని ఒత్తు ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. ‘కామాక్షమ్మ’ రెండు పరీక్షలు పెడుతుంది. ‘క్ష’ మిగతా అక్షరాల ఎత్తులో ఉందా? ‘మ్మ’లో ఒత్తు చిన్న ముద్దలా కాకుండా విడిగా కనిపిస్తోందా? ‘వెంకటేశ్వర్లు’ అయితే ‘శ్వ’, ‘ర్లు’ పక్కపక్కనే ఉంటాయి. ఈ పేరును శుభ్రంగా పలికించే కలంరాత ఫాంటు దొరికితే దాచుకోండి, చాలా పేర్లకు పనికొస్తుంది.

ఇక అక్షరాల మధ్య పోలికలు. ‘మ’, ‘య’ కుడివైపు ఒకే రకం వంపుతో ముగుస్తాయి. తేడా అంతా ఎడమ సగంలోనే. కుంచె అక్షరంలో ఆ ఎడమ సగం మూసుకుపోతే ఏది ఏదో తెలియదు. ‘ప’, ‘ఫ’, ‘ష’ మధ్య తేడా ఒక చిన్న గీత. ‘ద’కూ ‘ధ’కూ, ‘బ’కూ ‘భ’కూ కూడా అంతే. లావు గీతల ఫాంటులో కింది చిన్న గీత కలిసిపోయిందంటే ‘వధూవరులు’ కాస్తా ‘వదూవరులు’ అవుతారు, ‘శుభలేఖ’ ‘శుబలేఖ’ అవుతుంది. ఎత్వం, ఏత్వం మధ్య ఉండేది కూడా ఒక చిన్న మెలికే. ఈ జతలన్నీ ఒక్కసారి పక్కపక్కన టైపు చేసి, తెర మీద చిటికెన వేలి గోరంత సైజుకు తగ్గించి చూడండి. అప్పుడూ వేరుగా కనిపించాయంటే ఫాంటు పాసైనట్టే.

ఫాంటులో ఏ అక్షరమైనా లేకపోయే ప్రమాదం కూడా ఉంది. ‘జ్ఞ’, ‘స్త్రీ’, ‘రాష్ట్ర’, ‘కృష్ణ’, ‘ఱ’, అరసున్న, తెలుగు అంకెలు టైపు చేసి చూడండి. లేని అక్షరం చోట సాఫ్ట్‌వేర్ చప్పుడు చేయకుండా ఇంకో ఫాంటు నుంచి తెచ్చి పెడుతుంది. హడావిడిలో అది కంటికి ఆనదు.

మూడో అడుగు: సాఫ్ట్‌వేర్ ఒత్తుల్ని విరగ్గొట్టకుండా చూడండి

మన ప్రెస్సుల్లో ఇప్పటికీ పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, దానితో అను ఫాంట్లు నడుస్తున్నాయి. అను ఫాంట్ల రాత యూనికోడ్ కాదు. అందులో టైపు చేసినది వాట్సాప్‌లోకో వెబ్‌సైట్‌లోకో కాపీ చేస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. పైన చెప్పిన ఉచిత ఫాంట్లు అందులో పనిచేయవు. వాటి కోసం కొత్త కోరెల్‌డ్రా, ఇల్లస్ట్రేటర్, లేదా ఖర్చు లేని ఇంక్‌స్కేప్ వాడండి. ఫొటోషాప్‌లో ఒత్తులు పక్కకు విడిపోతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి, అక్కడ ఉంటే ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ ఎంచుకోండి. పాత వెర్షన్లలో దాని పేరు ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’. ఆ తర్వాత కొత్త ఫైలు తెరిచి మొదలుపెట్టాలి. ఇన్‌డిజైన్‌లో అయితే ‘వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ ఉంటుంది.

‘బి’ బటన్ నొక్కి బోల్డ్ చేయకండి. బోల్డ్ రూపం గీయని ఫాంటుకు సాఫ్ట్‌వేర్ దొంగ లావు అంటిస్తుంది. అప్పుడు సన్నగీతలూ లావెక్కి కలం పోకడ పోతుంది, ‘ర’, ‘వ’ లోపలి గుండ్రాలు పూడుకుపోతాయి. ఇటాలిక్ బటన్ కూడా అలాంటిదే.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పాడుపని పేరును పట్టుకుని అడ్డంగా సాగదీయడం. బోర్డు 20 అడుగుల పొడుగుంది, పేరు మూడక్షరాలే, ఖాళీ నింపాలి, అంతే, పక్క అంచు పట్టుకుని లాగేస్తారు. అలా లాగితే నిలువు గీతలు మాత్రమే లావవుతాయి, అడ్డగీతలు అలాగే ఉంటాయి. పాళీ కోణంలోంచి పుట్టిన లావు సన్నాల లెక్క మొత్తం తారుమారై, అక్షరం చతికిలబడుతుంది. ఖాళీ మిగిలితే మిగలనివ్వండి. లేదా షాపులో దొరికే సరుకు వివరం చిన్న అక్షరాల్లో పక్కన వేయండి. పేరు ఊపిరి పీల్చుకోవడానికి చుట్టూ కొంత చోటు ఉంటేనే కలంరాత కనిపిస్తుంది.

నాలుగో అడుగు: సైజు, దూరం, ఎడం

బోర్డు పనివాళ్లు వాడే మోటు లెక్క ఒకటుంది: 10 అడుగుల దూరానికి అంగుళం అక్షరం. 100 అడుగుల అవతలి నుంచి చదవాలంటే 10 అంగుళాలు. ఈ లెక్క ఇంగ్లిష్ పెద్దక్షరాలను చూసి పుట్టింది. తెలుగుకు వాడేటప్పుడు గుడి (‘కి’లో పైన వచ్చే గుర్తు) పైనుంచి ఒత్తు కిందిదాకా కొలవకూడదు. ‘ర’ లేదా ‘వ’ ఒంటి ఎత్తు మాత్రమే కొలవాలి. ‘శ్రీ’ లాంటి అక్షరంలో మొత్తం ఎత్తు ఒంటికి రెట్టింపు దాటొచ్చు. దాన్ని కొలిచి 10 అంగుళాలు వచ్చిందని సంతోషపడితే, మిగతా పేరు 4 అంగుళాలకు పడిపోతుంది. కలంరాతకు ఈ లెక్క మీద ఇంకో సగం కలపమని నా సలహా. జాతీయ రహదారి 16 పక్కన హోటల్ బోర్డయితే రెట్టింపు చేసినా తప్పులేదు. అక్కడ చదివేవాళ్లు బండి నడుపుతూ ఉంటారు.

రెండు లైన్ల పేరైతే పై లైను ఒత్తులు, కింది లైను గుడులు ఢీకొంటాయి. లైన్ల మధ్య దూరం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి, ఆ పేరులో ఒత్తు ఎక్కడ పడిందో చూసి తగ్గించుకోండి. ఒత్తు కింద కింది లైనులో మాటల మధ్య ఖాళీ పడేలా జరిపితే రెండు లైన్లూ ఒకదానిలో ఒకటి చక్కగా ఒదుగుతాయి. అక్షరాల మధ్య ఎడం మాత్రం పెంచకండి. ఇంగ్లిష్‌లో అది ఫ్యాషన్. తెలుగు కలంరాతలో చేయి ఒక అక్షరం నుంచి ఇంకోదానికి జారుతుంది. ఎడం పెంచితే ఆ జారుడు తెగిపోతుంది.

తోడుగా వేసే మామూలు అక్షరానికి ‘మండలి’, ‘ఎన్టీఆర్’, ‘నోటో సాన్స్ తెలుగు’ సరిపోతాయి. ఒక పనిలో ఒక్క కలంరాత, ఒక్క మామూలు ఫాంటు. రెండు కలంరాతలు పక్కపక్కన పెడితే రెండూ దెబ్బతింటాయి.

ఐదో అడుగు: ఏ వస్తువు మీదికి ఎక్కుతుందో దానికి తగ్గట్టు సరిచేయండి

ఫ్లెక్సీ మీద పెద్ద చిక్కులు లేవు. ఎద్దుల బండలాగుడు పోటీల ఫ్లెక్సీల్లో ఒంగోలు గిత్తల బొమ్మ మీదే పేరు వేస్తారు. తెల్లటి గిత్త మీద పసుపు అక్షరం కనబడదని చుట్టూ మందపాటి అంచు కడతారు. ఆ అంచు అక్షరం వెనక ఉండేలా పెట్టండి. ముందుంటే సన్నగీతల్ని తినేస్తుంది. పేరును వీలైనంత వరకు బొమ్మ మీద నుంచి తప్పించి, ఒకే రంగు పట్టీ మీదికి తేవడం ఇంకా మంచిది.

శుభలేఖ మీద బంగారు ఫాయిల్ వేయిస్తుంటే సన్నగీత పావు మిల్లీమీటరు కన్నా తక్కువ కాకుండా చూసుకోండి. అంతకన్నా సన్నమైతే ఫాయిల్ అక్కడక్కడా అంటదు. మరీ దగ్గరగా ఉన్న వంపుల మధ్య మాత్రం అది పూడుకుపోతుంది. గరుకు కాగితం మీద ఇంకాస్త లావు గీత కావాలి. పేర్లు 28 పాయింట్ల పైన ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు.

అక్రిలిక్‌తో కోసిన అక్షరాలు, లోపల లైట్లు వెలిగే బోర్డులు వేరే కథ. తెలుగులో ఒత్తు చాలాచోట్ల అక్షరానికి అంటకుండా విడిగా ఉంటుంది. ప్రతి ఒత్తూ ఒక విడి ముక్క అవుతుంది, దానికి విడిగా మేకులు, విడిగా వైరు. ఒక్క ఒత్తు ఊడి పడితే పేరు మారిపోతుంది. ఫైలులోనే ఒత్తును కొంచెం పైకి జరిపి అక్షరానికి అంటించేయండి. తోకల చివర్లు సూదిలా ఉంటే గుండ్రం చేయండి. లైటు పట్టనంత సన్నగీతలున్న ఫాంటు ఈ పనికి వద్దు.

రాయి దగ్గరికి వస్తే కొంచెం నిదానంగా చూడాలి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ నల్లటి నేల మీద బంగారు రంగు చుక్కలతో మెరుస్తుంది. గుడి దాతల పేర్లకూ ప్రారంభోత్సవ ఫలకాలకూ ఆ రాయి అంటే మనవాళ్లకు ఇష్టం. అదే ఇక్కడి చిక్కు కూడా. సన్నటి గీతకు బంగారు రంగు వేస్తే, అది రాయి చుక్కల్లో కలిసిపోతుంది. రెండడుగుల దూరం నుంచి చూస్తే లావు గీతలు మాత్రమే కనిపించి అక్షరం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఈ రాయి మీద తెల్లరంగు వేయించండి. బంగారు రంగే కావాలంటే లావు సన్నాల తేడా తక్కువున్న ఫాంటు తీసుకోండి. పాత రాతి శాసనాల్లో గీత మందం దాదాపు అంతటా ఒకటే. క్రీ.శ. 848 నాటి అద్దంకి పండరంగని శాసనం మొదలు, ఉలి చెక్కిన తెలుగు అక్షరం కలం వయ్యారాల జోలికి పెద్దగా పోలేదు. రాయికి ఏది నిలుస్తుందో ఆ చేతులకు తెలుసు.

చెక్కే పద్ధతి కూడా ఫాంటు ఎంపికను శాసిస్తుంది. రాయి మీద స్టిక్కర్ అంటించి, అక్షరం మేర కోసి తీసేసి, అక్కడ ఇసుకను గాలితో కొట్టి లోతు చేస్తారు. ‘ర’, ‘వ’, ‘మ’, సున్న లాంటి వాటి లోపలి గుండ్రంలో స్టిక్కర్ ముక్క ఒంటరిగా మిగులుతుంది. అది శనగగింజ కన్నా చిన్నదైతే ఇసుక దెబ్బకు లేచిపోతుంది, సున్న కాస్తా గుంట అవుతుంది. లోపలి ఖాళీలు విశాలంగా ఉన్న ఫాంటునే ఎంచుకోండి. పేర్లు ఎక్కువై అక్షరం చిన్నదవుతుంటే, కలంరాతను గుడి పేరు దగ్గర ఆపేసి, దాతల పేర్లు మామూలు అక్షరంలో వేయించండి.

స్టిక్కర్ కటింగైనా అక్రిలిక్ కటింగైనా, మిషనుకు పంపే ముందు ఒక పని తప్పనిసరి. ఫాంటులో అక్షరం, దీర్ఘం, ఒత్తు వేరువేరు ముక్కలు, కొన్నిచోట్ల అవి ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. తెర మీద ఒకే రంగు కాబట్టి తెలియదు. మిషను మాత్రం ప్రతి ముక్క చుట్టూ కోసుకుంటూ పోతుంది, అక్షరం మధ్యలో అడ్డగాటు పడుతుంది. అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటు అవసరం లేని ఉత్త గీతలుగా, మార్చాక కోరెల్‌లో ‘వెల్డ్’, ఇంక్‌స్కేప్‌లో ‘యూనియన్’ కొట్టి ముక్కలు కలిపేయండి. తర్వాత రంగు తీసేసి గీతల రూపంలో చూస్తే ఎక్కడ అతకలేదో తెలిసిపోతుంది.

ఆరో అడుగు: ప్రూఫ్

తెర మీద చూసి ఓకే చెప్పకండి. బోర్డయితే పేరులో కష్టమైన ఒక్క అక్షరాన్ని, ‘ల్లూ’నో ‘శ్వ’నో, అసలు సైజులో కాగితాల మీద ప్రింటు తీసి అతికించి గోడకు పెట్టండి. రోడ్డు అవతలికి వెళ్లి చూడండి. ఉదయం ఎండలో ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి. కార్డయితే అసలు కాగితం మీదే ఒక కాపీ అడగండి.

ఆ పేరు ముందుగా తెలియని మనిషి చేత చదివించండి. డిజైన్ చేసినవాళ్లకూ ఇంట్లోవాళ్లకూ పేరు ముందే తెలుసు కాబట్టి వాళ్ల కళ్లు తప్పును దాటిపోతాయి. ఎదురు షాపులో పనిచేసే కుర్రాడికో పక్కింటి పెద్దావిడకో చూపించి, ఏమని ఉందో అడగండి. ఒక్క అక్షరం దగ్గర తడబడినా ఆ అక్షరం ఫాంటులో ఎలా ఉందో మళ్లీ చూడండి. తోకను కత్తిరించడమో, ఒత్తును కాస్త చిన్నది చేయడమో సరిపోవచ్చు. రెండు మూడు చోట్ల తడబడితే ఫాంటే మార్చండి.

అంతా కుదిరాక రెండు ఫైళ్లు తీసుకోండి. ఒకటి కర్వ్స్‌గా మార్చిన పీడీఎఫ్. ఫాంటు లేని ప్రెస్సులో కూడా అక్షరం చెదరకుండా వస్తుంది. రెండోది టైపు అలాగే ఉన్న అసలు ఫైలు, దాని పక్కనే ఫాంటు ఫైలు. పీడీఎఫ్ ఒక్కటే చేతిలో ఉంటే రేపు రెండో బ్రాంచి తెరిచినప్పుడో ఫోన్ నంబరు మారినప్పుడో మళ్లీ మొదటి నుంచి టైపు చేయించాలి. అప్పుడు కొత్త బోర్డు మీద అక్షరం పాతదానితో కలవదు. డబ్బు లెక్క తేల్చే ముందే ఈ రెండు ఫైళ్లూ అడిగి తీసుకోండి.